ఫిజిక్స్ సొంతంగా చదివేవాళ్లకు లెక్కలు ఎక్కడ దొరుకుతాయి, ఏ వరుసలో చేయాలి?

గండికోట_గాలి (జమ్మలమడుగు):

అందరికీ నమస్కారం. తెలుగు మీడియంలో బీఎస్సీ ఎంపీసీ పూర్తయింది. ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) ఫిజిక్స్ పేపరుకు ఇంటి దగ్గరే చదువుకుంటున్నాను, కోచింగ్ లేదు. థియరీ చదివితే అర్థమవుతోంది గానీ లెక్క ముందుకొస్తే చెయ్యి ఆడటం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ లెక్కలు చాలావరకు వస్తున్నాయి. ఇరోడోవ్ లెక్కల పుస్తకం తెరిస్తే మొదటి పేజీ దాటడం లేదు. ఈ రెండింటి మధ్య ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి?

ఇంకో సందేహం. చాలా పుస్తకాల్లో చివర జవాబు మాత్రమే ఇస్తారు, చేసిన విధానం ఉండదు. జవాబు కలవకపోతే తప్పు నాదా, పుస్తకానిదా ఎట్లా తేల్చుకోవాలి? కలిసినా నా పద్ధతి సరైనదేనని నమ్మకం ఏంటి? ఒక్కో అధ్యాయానికి ఎన్ని లెక్కలు చేస్తే చాలో కూడా చెప్పండి.

నా దగ్గర ఫోన్ తప్ప కంప్యూటర్ లేదు. ముందు మెకానిక్స్, తర్వాత విద్యుత్తు అనుకుంటున్నాను. తెలిసిన అన్నలు, అక్కలు, సార్లు దారి చూపగలరు.

పెన్నేరు (అనంతపురం):

తమ్ముడూ, ఎన్‌సీఈఆర్‌టీ నుంచి నేరుగా ఇరోడోవ్‌కి పోతే ఎవరికైనా అంతే. ఆ పుస్తకంలో ప్రతి విభాగం మొదట్లో కొన్ని సూత్రాలు ఇచ్చి వెంటనే లెక్కల్లోకి వెళ్లిపోతారు. చేసి చూపించిన ఉదాహరణలు ఉండవు. అట్లాంటి పుస్తకాన్ని సొంతంగా చదివేవాళ్లు చివర్లో పెట్టుకోవాలి. అది కూడా మొత్తం కాదు, బాగా వచ్చిన అధ్యాయాల్లో ఎంచుకున్న లెక్కలు చాలు.

ముందు ఎన్‌సీఈఆర్‌టీ నిజంగా అయిందో లేదో చూసుకో. పాత ముద్రణల్లో అధ్యాయం చివర మామూలు అభ్యాసాల తర్వాత "అదనపు అభ్యాసాలు" అని వేరేగా ఉండేవి. చాలామంది వదిలేసేది వాటినే, గట్టివీ అవే. పాత కాపీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తెచ్చుకో. ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లదే ఎగ్జెంప్లర్ అనే ప్రశ్నల పుస్తకం. ఇది వాళ్ల వెబ్‌సైట్‌లో అధ్యాయాలవారీగా ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లోనే దించుకోవచ్చు. అందులో బిట్లు రెండు రకాలు, తర్వాత అతి స్వల్ప, స్వల్ప, దీర్ఘ సమాధాన ప్రశ్నలు. బిట్లు చేసి పక్కన పెట్టేస్తారు చాలామంది. నీకు కావలసిన మధ్య మెట్టు ఆ దీర్ఘ ప్రశ్నల్లో ఉంది, వాటిని ఒక్కటి కూడా వదలొద్దు.

అది అయ్యాక హెచ్.సి.వర్మ రెండు భాగాలు. మొదటి భాగంలో 22 అధ్యాయాలు (మెకానిక్స్, తరంగాలు, కాంతి), రెండో భాగంలో 23 నుంచి 47 వరకు (ఉష్ణం, విద్యుత్తు, ఆధునిక భౌతికశాస్త్రం). ఈ పుస్తకాన్ని వాడే పద్ధతి ముఖ్యం. అధ్యాయం చివర చేసి చూపించిన ఉదాహరణలు ఉంటాయి కదా, వాటిని చదవొద్దు. సాధన మీద కాగితం కప్పి లెక్కగా చెయ్. ఆగిపోతే ఒక్క వరుస మేరకే కాగితం కిందికి జరిపి చూసి, మళ్లీ కప్పెయ్. జవాబులు మాత్రమే ఇచ్చే పుస్తకాలతో నీకున్న ఇబ్బంది దీంతో సగం తీరుతుంది. విధానం ఇచ్చిన లెక్కలే మొదట కసరత్తుకు పనికొస్తాయి మరి. తర్వాత చివరి అభ్యాసంలో మొదటి విడతగా ప్రతి మూడో లెక్క చెయ్. పక్కపక్కనున్న లెక్కలు చాలాసార్లు ఒకే మోడల్‌వి. వరసగా చేస్తే చెయ్యి తిరుగుతుంది గానీ ఆలోచన కదలదు. మిగిలినవి నెల తర్వాత రెండో విడతకు ఉంచుకో.

వర్మ పుస్తకంలోనే ఆబ్జెక్టివ్ రెండు అనే విభాగంలో ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండొచ్చు. జామ్‌లో సెక్షన్ బీ ఇదే తరహా: 10 ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు. అన్ని సరైనవీ గుర్తిస్తేనే మార్కు. ఇక్కడ తప్పు ఆప్షన్ కూడా ఎందుకు తప్పో ఒక వాక్యం రాసే అలవాటు చేసుకో.

ఈ పుస్తకాలన్నీ ఇంటర్ స్థాయివే. జామ్ అడిగేది డిగ్రీ స్థాయి. కాలిక్యులస్ వాడే లెక్కలు (వేగంతో మారే నిరోధక బలం, కేంద్రీయ బలాలు, అసమాన ఆవేశ విస్తరణకు గాస్ నియమం) వేరే చోట వెతుక్కోవాలి. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల యూనివర్సిటీ ఫిజిక్స్ మూడు సంపుటాలు పూర్తిగా ఉచితం, బేసి సంఖ్య లెక్కలకు జవాబులు ఇస్తారు. దాని తర్వాత ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో 8.01 (మెకానిక్స్), 8.02 (విద్యుత్తు, అయస్కాంతత్వం). వీటిలో ప్రాబ్లమ్ సెట్లు, వాటి పూర్తి సాధనలు వేరువేరు ఫైళ్లుగా ఉంటాయి. ప్రశ్నల ఫైలు ముందు దించుకుని, సాధన ఫైలు లెక్క రాసి ముగించాకే దించుకో. మన సిలబస్‌లోని వెక్టర్ కాలిక్యులస్, ఫోరియర్ శ్రేణుల లాంటివాటికి ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సుల పాత వారపు అసైన్‌మెంట్లు బాగా పనికొస్తాయి. వీడియోలు డేటా తినేస్తాయి, అసైన్‌మెంట్లు మాత్రం చిన్న ఫైళ్లే.

ఎన్ని చేయాలి అన్నావు. అధ్యాయానికి 30 నుంచి 40, అందులో సగం బిట్లు కాకుండా పూర్తిగా రాసి చేసేవి. అయినా అంకె చూసి ఆపొద్దు. నువ్వు వాడుతున్న పుస్తకం కాకుండా వేరే పుస్తకం నుంచి, అదే అధ్యాయంలో మూడు లెక్కలు తీసుకో. సూత్రాల పేజీ చూడకుండా మూడూ వస్తే ఆ అధ్యాయం దాటొచ్చు. రెండే వస్తే ఇంకో పది చేసి మళ్లీ వేరే మూడు.

ఒక లెక్క మీద కదలిక లేకుండా 25 నిమిషాలు గడిస్తే ఆపు. అయితే ఆ 25 నిమిషాల్లో బొమ్మ గీసి ఉండాలి, తెలిసినవీ తెలియనివీ రాసి ఉండాలి, కనీసం ఒక సమీకరణం పెట్టి ఉండాలి. ఖాళీ కాగితం చూస్తూ గడిపిన సమయం లెక్కలోకి రాదు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

పుస్తకాల వరుస పెన్నేరు గారు చెప్పినట్టే. కీ ఒక్కటే ఉన్నప్పుడు ఏం చేయాలన్న రెండో సందేహం గురించి రాస్తాను. సొంతంగా చదివేవాళ్లు ఎక్కువగా వెనకబడేది అక్కడే.

జవాబు కలవలేదనుకోండి. వెంటనే లెక్క మళ్లీ మొదలుపెట్టకండి. మీ జవాబును కీ జవాబుతో భాగించండి. ఆ నిష్పత్తే తప్పు ఎక్కడుందో చాలాసార్లు చెప్పేస్తుంది. 1.02 దగ్గర వస్తే జీ (గురుత్వ త్వరణం) విలువ మీరు 10 తీసుకున్నారు, వాళ్లు 9.8 తీసుకున్నారు. అది తప్పు కాదు, ముందుకెళ్లండి. జవాబులో జీ వర్గమూలం కింద ఉంటే ఆ తేడా 1.01కి దిగుతుంది. 3.6 వస్తే గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చలేదు. 57.3 వస్తే డిగ్రీలు, రేడియన్ల గొడవ. 4.18 వస్తే కెలోరీలు, జౌళ్లు. కచ్చితంగా 4 వస్తే వైశాల్యంలో వ్యాసార్ధం బదులు వ్యాసం పెట్టారేమో చూడండి. 2 వస్తే గతిజశక్తిలో సగం మరిచారేమో, లేదా తాడు రెండు పక్కలా లాగుతున్న కప్పీకి ఒక్క తన్యతే రాశారేమో. పది ఘాతాల తేడా వస్తే సెంటీమీటర్లు, మైక్రోలు. వీటిలో ఏదీ కాకుండా 1.37 లాంటి వింత సంఖ్య వస్తే అప్పుడు భావనలో తప్పుంది. సమీకరణాలు మొదటి నుంచి చూడాలి.

ఇక జవాబు కలిసినా పద్ధతి మీద నమ్మకం ఎలా అంటే, అంకెలు ఎక్కించకముందే అక్షరాలతో సూత్రం తెచ్చుకోండి. అంకెలు పెట్టేశాక పరీక్షించడానికి ఏమీ మిగలదు. ఒక మామూలు కప్పీ, రెండు పక్కలా రెండు ద్రవ్యరాశులు తీసుకోండి. త్వరణం = (పెద్దది − చిన్నది) × జీ ÷ (రెండింటి మొత్తం). తన్యత = 2 × పెద్దది × చిన్నది × జీ ÷ మొత్తం. రెండూ సమానమైతే త్వరణం సున్నా, తన్యత ఒక దాని బరువు. చిన్నది సున్నా అయితే త్వరణం జీ, తన్యత సున్నా. నాలుగూ మనకు ముందే తెలిసిన సంగతులు, సూత్రం వాటిని ఒప్పుకుంటోంది. ఇట్లా అంచుల్లో పరీక్షించడానికి నిమిషం పట్టదు. గుర్తు తప్పులన్నీ ఇక్కడే దొరికిపోతాయి.

కొంచెం పెద్ద ఉదాహరణ. 30 డిగ్రీల వాలు మీద 2 కి.గ్రా. గట్టి గోళం జారకుండా దొర్లుతోంది. ఘర్షణ గుణకం 0.4, జీ 10. ఘర్షణ బలం ఎంత? ఎక్కువమంది ఘర్షణ గుణకాన్ని అభిలంబ ప్రతిచర్యతో గుణించేస్తారు: 0.4 × 20 × 0.866 = 6.93 న్యూటన్లు. తప్పు. ఆ గుణకారం ఇచ్చేది ఘర్షణకు గరిష్ఠ హద్దు. దొర్లేటప్పుడు ఘర్షణ తనకు ఎంత అవసరమో అంతే ఉంటుంది. కీ లేకుండా ఈ తప్పు పట్టుకోవచ్చు. 6.93 పెడితే వాలు వెంట త్వరణం (10 − 6.93) ÷ 2 = 1.54 వస్తుంది. అదే 6.93తో టార్క్ సమీకరణం రాస్తే, జడత్వ భ్రామకం ద్రవ్యరాశి × వ్యాసార్ధ వర్గంలో 0.4 వంతు కాబట్టి, కోణీయ త్వరణం × వ్యాసార్ధం = 6.93 ÷ 0.8 = 8.66 వస్తుంది. జారకుండా దొర్లాలంటే ఈ రెండూ సమానం కావాలి. 1.54, 8.66 ఎక్కడ సమానం? ఊహ తప్పని సమీకరణాలే చెప్పేశాయి.

ఘర్షణను తెలియని రాశిగా ఉంచి రెండు సమీకరణాలూ సాధిస్తే ఘర్షణ = (2/7) × బరువు × సైన్ 30 = 2.86 న్యూటన్లు, త్వరణం = (5/7) × జీ × సైన్ 30 = 3.57. సరిచూస్తే (10 − 2.86) ÷ 2 = 3.57, అటు 2.86 ÷ 0.8 = 3.57. ఇంకో పరీక్ష కూడా ఉంది. జారకుండా దొర్లడానికి కావలసిన కనీస గుణకం (2/7) × టాన్ 30 = 0.165. మన దగ్గర 0.4 ఉంది కాబట్టి "జారకుండా" అన్న మాట చెల్లుతుంది. గుణకం 0.1 ఇచ్చి ఉంటే గోళం జారుతూ దొర్లేది, అప్పుడు మాత్రమే గుణకం × అభిలంబ ప్రతిచర్య సరైనది. ఒకే లెక్కను గుణకం మార్చి రెండుసార్లు చేస్తే అధ్యాయంలో సగం పట్టుబడుతుంది.

శక్తి దారిలో కూడా వెళ్లండి. అదే గోళం 0.7 మీటర్ల ఎత్తు దిగితే వేగ వర్గం = (10/7) × 10 × 0.7 = 10, అంటే 3.16 మీ/సె. ఘర్షణ లేకుండా జారితే వర్గం 14, అంటే 3.74. దొర్లేది నెమ్మదిగా ఉండాలి, కొంత శక్తి తిరగడానికి పోయింది కదా. బలాల దారి, శక్తి దారి ఒకే జవాబు ఇస్తే కీ అవసరమే లేదు.

తప్పుల పుస్తకం ఒకటి వేరే పెట్టండి. అందులో లెక్క మొత్తం ఎక్కించాల్సిన పనిలేదు, లెక్క నంబరు, తప్పు ఏ జాతిదో రాస్తే చాలు: ప్రశ్న తప్పుగా చదివాను, భావన తెలియదు, గణితం రాలేదు, అంకెల్లో పొరపాటు. నెల తిరిగేసరికి ఏ జాతి ఎక్కువో కనిపిస్తుంది. గణితం జాతి ఎక్కువైతే ఇంకా ఫిజిక్స్ లెక్కలు చేయడం వృథా. వారం పాటు సమాకలనం, అవకలన సమీకరణాలు చేసి రండి.

గండికోట_గాలి (జమ్మలమడుగు):

పెన్నేరు అన్నా, కర్నూలు సార్, చాలా చాలా థాంక్స్. భాగించి చూడమన్నది ఈ రోజే మొదలుపెడతాను. ఇంకో రెండు అడగొచ్చా? జామ్ పాత పేపర్లు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇంగ్లీషులో ప్రశ్న చదివినప్పుడు ఏ షరతు ఇచ్చారో దొరక్క సమీకరణాలు తక్కువ పడుతున్నాయి. దానికేం చేయాలి?

పాలకొండలు (కడప):

పాత పేపర్లు చివర్లో చేద్దామని దాచుకోకండి. జామ్ వెబ్‌సైట్‌లో ప్రశ్నపత్రాలు, కీలు రెండూ ఉంటాయి. ఒక పేపరు ఇప్పుడే తీసి, సమయం పెట్టుకోకుండా, ప్రతి ప్రశ్న పక్కన అది ఏ అధ్యాయమో రాయండి. సాధించకపోయినా ఫర్వాలేదు. 60 ప్రశ్నల్లో ఏ అధ్యాయమో కూడా తెలియనివి ఎన్నో చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తేలుతుంది. మూడు గంటలకు 60 ప్రశ్నలు, 100 మార్కులు. సెక్షన్ ఏలో తప్పుకు మూడో వంతు కోత ఉంది, బీ, సీల్లో లేదు. సెక్షన్ సీ అంకె టైపు చేసే 20 ప్రశ్నలు. వాటి కీ ఒక అంకె కాకుండా ఒక పరిధిగా ఇస్తారు, ఆ లోపల ఉంటే సరే. చాలా పాత పేపర్లలో వివరంగా రాయాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఇంటి దగ్గర చదివేవాళ్లకు అవి మంచి మేత, వదలొద్దు.

ఏపీ ఈఏపీసెట్ పాత బిట్లు కూడా కొంచెం వాడొచ్చు. అందులో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, ఫిజిక్స్ 40, నెగెటివ్ లేదు. సూత్రం చేతికి త్వరగా రావడానికి అధ్యాయం మొదట్లో పది బిట్లు చేస్తే చాలు. అంతకంటే ఎక్కువ చేస్తే రెండు వరుసల లెక్కకే అలవాటు పడిపోయి, రెండు పేజీల లెక్క దగ్గర ఓపిక నిలవదు. లోతు కావాలంటే హోమీ భాభా సెంటర్ వెబ్‌సైట్‌లో భారత జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్ ప్రశ్నలు, సాధనలతో సహా ఉన్నాయి. ఇరోడోవ్ కంటే ముందు ఇవి నయం, సాధన ఇచ్చారు కాబట్టి.

షరతుల సంగతి. ఇంగ్లీషు లెక్కలో ఒక్కో చిన్న విశేషణం ఒక్కో సమీకరణం. లైట్ స్ట్రింగ్ అంటే తాడు ద్రవ్యరాశి సున్నా, కాబట్టి పొడవునా తన్యత ఒకటే. ఇన్‌ఎక్స్‌టెన్సిబుల్ అంటే సాగదు, రెండు చివరల త్వరణాలు సమానం. స్మూత్ అంటే ఘర్షణ సున్నా. రఫ్ అంటే ఘర్షణ ఉంది, ఎంతో మీరే కనుక్కోవాలి. జస్ట్ బిగిన్స్ టు స్లిప్ అంటే ఘర్షణ ఇప్పుడు గరిష్ఠం, గుణకం × అభిలంబ ప్రతిచర్య ఇక్కడ రాయొచ్చు. జస్ట్ లూజెస్ కాంటాక్ట్ అంటే అభిలంబ ప్రతిచర్య సున్నా. విద్యుత్తులో ఐసోలేటెడ్ అంటే ఆవేశం మారదు, కనెక్టెడ్ టు ది బ్యాటరీ అంటే పొటెన్షియల్ మారదు. స్టెడీ స్టేట్ అంటే కెపాసిటర్ ఉన్న శాఖలో కరెంటు సున్నా. లెక్క చదువుతూ వీటి కింద గీత గీసి, పక్కనే ఆ సమీకరణం రాసేయండి. గీతలెన్నో సమీకరణాలన్ని ఉన్నాయో లేదో చూసి, అప్పుడు సాధించడం మొదలుపెట్టండి. ఇంకా ఇబ్బందైతే తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకంలో అదే అధ్యాయం లెక్కలు ఒకసారి తెలుగులో చేసి రండి, తర్వాత ఇంగ్లీషు తేలికవుతుంది.

పుస్తకాల లెక్కలతో పాటు మన పొలాల్లో ఉన్నవాటితో లెక్క కట్టుకోండి. ఏ కొలత కావాలో మీరే తేల్చుకోవాల్సి వస్తుంది, పుస్తకం ఆ పని చేయించదు. బోరు మోటారు తీసుకుందాం. ప్లేటు మీద 7.5 హార్స్‌పవర్, అంటే 7.5 × 746 = 5595 వాట్లు. పైపు కింద 20 లీటర్ల బకెట్ 10 సెకన్లలో నిండింది, సెకనుకు 2 లీటర్లు. మోటారు నడుస్తున్నప్పుడు నీటి మట్టం 120 మీటర్ల లోతులో ఉంది. నీటిని పైకెత్తడానికి సామర్థ్యం 2 × 9.8 × 120 = 2352 వాట్లు. పంపు దక్షత 2352 ÷ 5595, అంటే 42 శాతం. పైపులో ఘర్షణ నష్టం కూడా ఇందులోనే కలిసి ఉంది.

ఇందులో తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. బోరు లోతు 250 మీటర్లుంటే అదే ఎత్తుగా వేసేస్తారు. నీరు పైకెక్కాల్సింది నడిచేటప్పటి మట్టం నుంచే, మోటారు ఎంత లోతులో వేలాడుతున్నా. మట్టం కింద ఉన్న నీటి పీడనం ఆ మేరకు పైకి తోస్తూనే ఉంటుంది. 250 పెడితే దక్షత 88 శాతం వస్తుంది. ఏ బోరు పంపూ అంత ఇవ్వదు, అక్కడే అనుమానం రావాలి. రెండో తప్పు, ప్లేటు మీది హార్స్‌పవర్ మోటారు ఇరుసు దగ్గర ఇచ్చేది. కరెంటు మీటరు దగ్గర తీసుకునేది ఇంకా ఎక్కువ. మోటారు దక్షత 80 శాతం అనుకుంటే తీసుకునేది 6994 వాట్లు. వెయ్యి లీటర్లకు 500 సెకన్లు, 35 లక్షల జౌళ్లు, దాదాపు ఒక యూనిట్.

అదే మోటారు విద్యుత్తు అధ్యాయానికీ పనికొస్తుంది. 200 మీటర్ల రాగి కేబుల్, ఒక్కో తీగ అడ్డుకోత 4 చదరపు మిల్లీమీటర్లు. రాగి నిరోధకత 1.72 × 10⁻⁸ ఓమ్ మీటర్లు కాబట్టి ఒక్కో తీగ నిరోధం 0.86 ఓమ్‌లు. 415 వోల్టుల మూడు ఫేజులు, పవర్ ఫ్యాక్టర్ 0.81 అయితే 6994 వాట్లకు కరెంటు సుమారు 12 ఆంపియర్లు. తీగల్లో వేడిగా పోయేది 3 × 144 × 0.86 = 372 వాట్లు. మూడుతో గుణించడం మరిస్తే 124 అని వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. అల్యూమినియం కేబుల్ వేస్తే ఎంత, అడ్డుకోత 6 వేస్తే ఎంత, వోల్టేజీ 350కి పడిపోతే అదే పని చేయడానికి కరెంటు ఎంత పెరిగి నష్టం ఎంతవుతుంది? ఒక్క మోటారుతో నాలుగు లెక్కలు వచ్చాయి.

పుస్తకాలు కొనలేకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షల బీరువా అడగండి. ఎగ్జెంప్లర్ అధ్యాయాలు మాత్రం జిరాక్స్ తీయించుకుని, ఒక షీటుకు రెండు పేజీలు వేయించుకోండి. ఫోన్ తెర మీద లెక్క చదివి పక్కన రాస్తే బొమ్మ సరిగా గీయరు, అంకెలు కూడా తారుమారవుతాయి.

పెన్నేరు (అనంతపురం):

పాలకొండలు గారి మాటకు చిన్న సవరణ. పాత పేపర్లు అధ్యాయాలు గుర్తించడానికి ఇప్పుడే చూడు, అది మంచిదే. కానీ చివరి ఐదేళ్ల పేపర్లు సాధించకుండా పక్కన పెట్టు. తర్వాత మూడు గంటలు గడియారం పెట్టుకుని రాయడానికి కొత్త పేపర్లు మిగలాలి. ఒకసారి చూసేసిన పేపరులో వచ్చే మార్కులు నీ అసలు స్థాయి చెప్పవు.

ఇంకోటి, ఆదివారం ఒక కలగూర సెట్ చెయ్. అయిపోయిన అధ్యాయాల నుంచి చీటీలు తీసి ఎనిమిది లెక్కలు. "భ్రమణం" అని పైన రాసి ఉన్నప్పుడు టార్క్ రాయాలని అందరికీ తడుతుంది. ఏ శీర్షికా లేనప్పుడు తట్టాలి, పరీక్షలో శీర్షిక ఉండదు.

గండికోట_గాలి (జమ్మలమడుగు):

అందరికీ మరోసారి ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు అక్షరాల్లో చేసి చూస్తుంటే ఒకటి తేడాగా వస్తోంది. 2 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 100 వోల్టులకు ఆవేశితం చేసి, బ్యాటరీ తీసేసి, ఖాళీగా ఉన్న ఇంకో 2 మైక్రోఫారడ్లకు కలిపాను. శక్తి నిత్యత్వంతో చేస్తే 70.7 వోల్టులు, ఆవేశ నిత్యత్వంతో చేస్తే 50 వోల్టులు. కీ 50 అంటోంది. రెండు దారులూ ఒకే జవాబు ఇవ్వాలి కదా సార్?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

రెండు దారులు కలవకపోతే ఒక దాంట్లో వాడిన షరతు ఇక్కడ చెల్లదని అర్థం. ఏది చెల్లదో చూద్దాం. బ్యాటరీ తీసేశారు, పై పలకలు రెండూ ఒక తీగతో కలిశాయి. ఆ పలకల మీది ఆవేశం పోవడానికి వేరే దారి లేదు, కాబట్టి 200 మైక్రోకూలుంబులు అలాగే ఉంటాయి. వేడికి మాత్రం దారి ఉంది, తీగ నిరోధం. కాబట్టి శక్తి నిత్యత్వాన్ని కెపాసిటర్లకు మాత్రమే రాయడం చెల్లదు. 50 వోల్టులే సరి. మొదటి శక్తి 10 మిల్లీజౌళ్లు, చివరిది 5.

పోయిన 5 మిల్లీజౌళ్లు నిజంగా తీగలోకే వెళ్లాయా అన్నది లెక్క కట్టి చూడండి. తీగ నిరోధం ఆర్ అనుకుందాం. కలిపిన క్షణంలో కరెంటు 100 ÷ ఆర్. అది ఘాతీయంగా తగ్గుతుంది. రెండు కెపాసిటర్లు ఈ దారిలో శ్రేణిలో ఉన్నట్టు, అంటే 1 మైక్రోఫారడ్, కాబట్టి కాల స్థిరాంకం ఆర్ × 10⁻⁶. కరెంటు వర్గం × ఆర్ ను సున్నా నుంచి అనంతం వరకు సమాకలనం చేస్తే (100 ÷ ఆర్)² × ఆర్ × (ఆర్ × 10⁻⁶ ÷ 2). ఆర్ మొత్తం కొట్టేసుకుపోయి 5 మిల్లీజౌళ్లు మిగులుతుంది. తీగ లావైనా సన్నమైనా నష్టం అంతే, పట్టే సమయమే మారుతుంది.

ఇప్పుడు దీన్నే కొంచెం మార్చి చేయండి. 2 మైక్రోఫారడ్లు 100 వోల్టుల మీద, 3 మైక్రోఫారడ్లు 50 వోల్టుల మీద, ఒకదాని ధన పలకను ఇంకోదాని రుణ పలకకు కలిపారు. ఆవేశాలు 200, 150 ఎదురెదురు కాబట్టి మిగిలేది 50, ఉమ్మడి పొటెన్షియల్ 10 వోల్టులు. శక్తి 13.75 నుంచి 0.25 మిల్లీజౌళ్లకు పడిపోవాలి. సమాకలనం దారిలో మొదలు పెట్టాల్సిన పొటెన్షియల్ తేడా 150, 50 కాదు. ఆ ఒక్కటి సరిగ్గా పెడితే 13.5 మిల్లీజౌళ్ల వేడి అటు నుంచి కూడా వస్తుంది. రాకపోతే మీ వరుసలు ఇక్కడ రాయండి, చూస్తాను.